నెత్తలి ఒప్పుకుంటే... భీమిలి దాకా!

ఆదివారం వచ్చిందంటే సముద్రం దగ్గరికి వెళ్లాల్సిందే. విశాఖపట్నంలో ఆ ఇంటి అలవాటది. అలాంటి ఇంట్లోకి గుప్పెడంత పిల్లిపిల్ల ఒకటి వచ్చింది. ఇంకేముంది... బీచ్‌రోడ్డు మీద వాళ్ల షికార్లన్నీ మళ్లీ మొదటి కిలోమీటరు నుంచి మొదలయ్యాయి!

జూన్ మూడో ఆదివారం. పొద్దున్న ఆరున్నర. విశాఖ ఫిషింగ్ హార్బర్ కిటకిటలాడుతోంది. ఆడదూ మరి! రెండు నెలల తరవాత మరపడవలు మళ్లీ చేపలతో ఒడ్డుకొచ్చాయి.

చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, మొత్తం 61 రోజులు మరపడవల వేట ఆపేస్తారు. అన్నాళ్లూ పడవలు జెట్టీ పక్కన వరసగా ఊగుతూ నిలబడి ఉంటాయి. వలలు బాగుచేసుకునేవాళ్లు, పడవలకు రంగులేసుకునేవాళ్లు తప్ప పెద్ద సందడి ఉండదు. మనుషుల ఇబ్బంది అందరికీ తెలిసిందే. వాళ్లకు ప్రభుత్వం భృతి ఇస్తుంది. చేపల తలకాయలూ తోకలూ తిని బతికే హార్బర్ పిల్లుల సంగతో? వాటికి ఎవరిస్తారు భృతి!

సరిగ్గా ఆ ఆకలి రోజుల్లో పుట్టిందా పిల్ల. వంజరం ముక్కల కోసం చినవాల్తేరు నుంచి వెళ్లిన ఓ నాన్న కంట పడింది. ఐసు పెట్టెల సందులో కూర్చుని, గొంతు పోయేలా అరుస్తోంది. ‘‘దీని తల్లి ఐసు లారీ కింద పడిపోనాది బాబూ. వేట ఆపీసిన వారంలో పుట్టింది. అట్టుకుపోండి, పున్నెముంటాది’’ అంది చేపలమ్మే ఆవిడ. ఆయన అటూ ఇటూ చూశాడు. చేపల సంచీ ఓ చేత్తో, ఖాళీ అట్టపెట్టె ఇంకో చేత్తో పట్టుకుని ఇల్లు చేరాడు. పెట్టెలో ఉన్నది చేపలనుకున్నారు ఇంట్లోవాళ్లు. పెట్టె ‘మ్యావ్’ అంది.

‘‘ఏటిరా అది?’’ అంది నానమ్మ వంటింట్లోంచి వస్తూనే. చెప్పాడు.

‘‘నెత్తల్లాగుంది. ఇది బతుకుతుందేటి?’’

నెత్తళ్లంటే తెలుసుగా. వేలెడంత పొడుగు, ఒంట్లో ముల్లు తప్ప కండ కనబడని చిన్న చేపలు. ఎనిమిదో తరగతి చదివే అక్క, నాలుగో తరగతి తమ్ముడు అప్పటికే పేరు కోసం పోట్లాడుకుంటున్నారు. నానమ్మ నోట్లోంచి వచ్చిన మాటే పేరైపోయింది. నెత్తలి!

‘‘పేరు పెట్టీసినంత మాత్రాన ఉంచుతానని కాదు. పది రోజులు సూస్తాను. పొద్దున్నే లేచి పిల్లి మొహం చూడ్డం మన ఇంటా వంటా లేదు’’ అని నానమ్మ గడువు పెట్టింది.

బియ్యం బస్తా వెనకాల

ఆ ఇంటి ఆదివారాలకు ఓ లెక్కుంది. పొద్దున్న చేపల కూర, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం నాలుగయ్యేసరికి బీచ్‌రోడ్డు. ఒకవారం రుషికొండ, ఒకవారం తొట్లకొండ, నెలకోసారి ఏకంగా భీమిలి. నానమ్మతో సహా అందరూ వెళ్తారు. పాతిక కిలోమీటర్లకు పైగా సముద్రాన్ని కుడిపక్కన పెట్టుకుని సాగే అలాంటి రోడ్డు చేతికందే దూరంలో ఉంటే ఇంట్లో కూర్చుంటారా ఎవరైనా!

ఆ ఆదివారం కూర్చున్నారు. ఆ తరవాతి ఆదివారమూ కూర్చున్నారు.

కొత్త పిల్లిపిల్లకు ఇల్లంతా ఒక్కసారే చూపించకూడదట. పెద్ద ఇల్లు దానికి పెద్ద అడవి. మొదట ఒక్క చిన్న గది చాలు. ఓ మూల తిండి, నీళ్లు. ఇంకో మూల, వాటికి వీలైనంత దూరంలో ఇసుక ట్రే. దాక్కోవడానికి ఓ అట్టపెట్టె. ఆ ఇంట్లో అలాంటి గది ఒకటే. కుట్టుమిషనూ బియ్యం బస్తాలూ ఉండే స్టోర్‌రూమ్. లోపల వదిలిన మరుక్షణం నెత్తలి బస్తా వెనక్కి దూరింది. రెండు రోజులు బయటికి రాలేదు. రాత్రిళ్లు గిన్నె మాత్రం ఖాళీ అయ్యేది. తమ్ముడు టార్చిలైటు వేసి చూడబోయి తిట్లు తిన్నాడు.

దారి కనిపెట్టింది అక్కే. బస్తాకు వీపు ఆనించి నేల మీద కూర్చుని సోషల్ పాఠం పైకి చదవడం మొదలుపెట్టింది. పిల్లి వైపు చూడదు, పిలవదు. మొఘలుల పరిపాలన అయిపోయి ఇంకో పాఠంలోకి వచ్చేసరికి, మూడో రోజు సాయంత్రం, బస్తా పక్కనుంచి ఓ మూతి బయటికొచ్చింది. అక్క కాలి బొటనవేలు వాసన చూసింది. మళ్లీ లోపలికి. అంతే! ఆ రాత్రి ఆ ఇంట్లో అదే పెద్ద వార్త. చూపు కలిసినప్పుడు కళ్లు మెల్లగా మూసి తెరిస్తే ‘నీకేం భయం లేదు’ అని పిల్లికి అర్థమవుతుందని ఎవరో చెప్పారు. అప్పట్నుంచీ అందరూ కళ్లార్పడమే పని! గుప్పెడు పిల్లి ముందు నలుగురు మనుషులు వరసగా కూర్చుని నిద్రొస్తున్నట్టు కళ్లు మూస్తూ తెరుస్తుంటే నానమ్మ కొంగు అడ్డంపెట్టుకుని నవ్వింది.

ఇక పాల సంగతి. పిల్లిని ముట్టుకోనని భీష్మించిన నానమ్మ మొదటిరోజే గిన్నెలో పాలు పోసి, గుమ్మంలో పెట్టి, గరిటెతో గిన్నె అంచు మీద ‘టంగ్ టంగ్’మని రెండు దెబ్బలు కొట్టి వెళ్లిపోయింది. పిలవడానికి నోరు రాక! తాగిన పిల్లకు తెల్లారేసరికి విరేచనాలు. పరుగున పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే ఆయన తూకం వేసి పెదవి విరిచాడు. రెండు నెలల పిల్ల ముప్పావు కిలో అయినా తూగాలి. ఇది అర కిలో కూడా లేదు. ‘పాలు ఆపేయండి. తల్లిపాలు మానేశాక చాలా పిల్లులకు ఆవుపాలు, గేదెపాలు అరగవు. పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి తగ్గిపోతుంది’ అని చెప్పి నులిపురుగుల మందు ఇచ్చాడు.

‘‘పిల్లికి పాలు పడవా! అయితే మా ఊళ్లో ఇన్నేళ్లూ ఉట్టి మీది పాలు తాగినవాళ్లెవరు?’’ అని నానమ్మ గట్టిగానే ఆశ్చర్యపోయింది. తాగుతుంది, అరగదు. రెండూ వేరు. మన ఇళ్లలో పెరుగన్నంతో పిల్లిని పెంచేస్తాం అనుకుంటారు చాలామంది. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. మాంసంలో దొరికే టారిన్ అనే పదార్థం లేకపోతే దాని కంటిచూపు, గుండె రెండూ దెబ్బతింటాయి. అలాగని పచ్చి చేపలే పెట్టినా కష్టమే. కొన్నిరకాల పచ్చి చేపల్లో బి1 విటమిన్‌ను నాశనం చేసే గుణం ఉంటుంది. ముల్లు తీసి, ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చేప కొంచెం, పిల్లిపిల్లల కోసమే తయారుచేసిన మేత కొంచెం... నెత్తలికి చివరికి అదే ఖాయమైంది. చేపల పులుసు అడుగున మిగిలింది పెడదామంటే అందులో ఉల్లిపాయ ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి పిల్లులకు విషం. మందుల పెట్టెలోని పారాసిటమాల్ అంతకన్నా ఘోరం. మనుషుల జ్వరానికి వేసుకునే ఒక్క బిళ్ల పిల్లి ప్రాణం తీయగలదు. నేల తుడిచే తెల్ల ఫినాయిలూ, బీరువాలోని కలరా ఉండలూ అంతే. అమ్మ ఓ పూటంతా కూర్చుని వాటన్నిటినీ పై అరలకు ఎక్కించింది.

ట్రేలోకి ఇసుక కావాలి. ‘‘బీచ్‌లో బోలెడుందిగా నాన్నా, బక్కెట్టుడు తెచ్చేద్దాం!’’ అన్నాడు తమ్ముడు. ఆలోచన బాగానే ఉంది. కానీ సముద్రపు ఇసుక ఉప్పుతో, చెమ్మతో కాళ్లకు అతుక్కుంటుంది. పైగా ఒడ్డున ఇసుక ఎవరికి వాళ్లు ఎత్తుకుపోయేది కాదు. తడవగానే గడ్డకట్టే ఇసుక దుకాణంలో కొన్నారు. అది అయిపోయిన రోజున పాత పేపరు ముక్కలతో గడిపేశారు. (ఆదివారం అనుబంధం కాదు లెండి!)

పదో రోజు వచ్చింది. గడువు మాట పిల్లలు ఎత్తలేదు, పెద్దావిడా ఎత్తలేదు. పొద్దున్న ఏడింటికి స్టోర్‌రూమ్ గుమ్మంలో గిన్నె పెట్టి ‘టంగ్ టంగ్’మనిపించి తన పనిలో తాను పడింది.

అరగంట... ఆర్కే బీచ్!

మూడో ఆదివారం ధైర్యం చేశారు. ఎంతసేపు? అరగంట!

చినవాల్తేరు నుంచి రామకృష్ణా బీచ్ ఎంతో దూరం లేదు. ఒడ్డునే ఉన్న రామకృష్ణ మిషన్ వల్ల ఆ పేరొచ్చిన తీరమది. జూలై మొదటి వారం, రుతుపవనాల గాలి. కెరటాలు ఎత్తుగా లేచి విరుగుతున్నాయి. అక్కడ ఒడ్డు దాటగానే లోతు. కాళ్ల కింది ఇసుకను వెనక్కి లాగేసే ప్రవాహాలు. స్నానాలకు దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. కాబట్టి ఒడ్డున కూర్చోవడమే మేలు. మురీ మిక్చరు పొట్లం, నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు, ఎదురుగా సముద్రం. వెనకాల ఐఎన్‌ఎస్ కురుసుర. 91 మీటర్ల పొడవున్న ఈ జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధం చూసింది. 2001లో రిటైరయింది. 2002 నుంచి ఇలా ఒడ్డెక్కి మ్యూజియమై కూర్చుంది. తమ్ముడికి దాన్ని ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. ఆ రోజు మాత్రం మొహం అటు తిప్పలేదు. ‘‘ఇంటికెళ్దామా?’’ అన్నాడు పది నిమిషాలకే.

వెళ్లి తలుపు తీస్తే నెత్తలి గుమ్మం ముందే ఉంది. ఎవరినీ పలకరించలేదు. వాళ్లు విప్పిన చెప్పులను ఒక్కొక్కటే వాసన చూడటం మొదలుపెట్టింది. తమ్ముడి చెప్పు దగ్గర నోరు సగం తెరిచి, అసహ్యం వేసినట్టు మొహం పెట్టింది. అసహ్యం కాదది. పిల్లికి అంగిట్లో వాసనలు పసిగట్టే ప్రత్యేకమైన అవయవం ఉంటుంది. కొత్త వాసనను దాని దాకా పంపడానికే నోరు అలా తెరుస్తుంది. సముద్రం దానికి మొదటిసారి పరిచయమైంది ఆ రబ్బరు చెప్పు మీదే!

అప్పట్నుంచీ అదో ఆచారమైపోయింది. వెళ్లినవాళ్లు రాగానే గుమ్మంలో వరసగా నిలబడాలి. నెత్తలి తనిఖీ చేయాలి. ఆ తరవాతే లోపలికి. ఓ రకంగా ఆ ఇంటి చెక్‌పోస్టు!

ఒక్కో వారం ఒక్కో మలుపు

అరగంట గంటయింది. గంట రెండు గంటలయింది. నెత్తలి ఎంత నిబ్బరంగా ఉంటే బీచ్‌రోడ్డు మీద అంత ముందుకి.

జూలై మధ్యలో తెన్నేటి పార్కు దాకా వెళ్లారు. స్వాతంత్ర్య సమరయోధుడు తెన్నేటి విశ్వనాథం పేరు మీదున్న పార్కది. పక్కన కైలాసగిరి, కింద రాళ్లు, రాళ్ల మీద పగిలే నురుగు. 2020 అక్టోబరులో వాయుగుండం గాలులకు బంగ్లాదేశ్ నౌక ‘మా’ కొట్టుకొచ్చి ఈ రాళ్ల మధ్యే ఇరుక్కుపోయింది. నగరం నగరమంతా చూడ్డానికి కదిలింది. అమ్మ ఆ ముచ్చట చెబుతుంటే ‘‘అప్పుడు నెత్తలి లేదుగా’’ అన్నాడు తమ్ముడు. ఆ ఇంట్లో కాలం ఇప్పుడు రెండు భాగాలు మరి. నెత్తలికి ముందు, నెత్తలికి తరవాత!

ఈ మధ్యలో టీకాలు. తొమ్మిదో వారంలో మొదటిది, మూడు నాలుగు వారాలకు రెండోది, మూడు నెలలు నిండాక రేబిస్‌ది. ఆ టీకా పడేదాకా పిల్లల్ని జాగ్రత్తగా ఉండమన్నాడు డాక్టరు. కరిచినా గీరినా ‘చిన్నదేలే’ అని ఊరుకోకూడదు. సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఆటలో ఓసారి అక్క మణికట్టు మీద గీత పడింది. అమ్మ గడియారం చూస్తూ కుళాయి కింద చెయ్యి పట్టి నిలబెట్టి, అటునుంచి అటే తీసుకెళ్లి టీకా వేయించింది. ఆ తరవాత చేతులతో ఆడించడం బంద్. కర్రకు కట్టిన గుడ్డముక్కతోనే ఆట.

వాళ్లది మూడో అంతస్తు. పిట్టను చూసి బాల్కనీలోంచి దూకే పిల్లులు ఉంటాయని తెలిసి నాన్నకు నిద్రపట్టలేదు. జాలీ పెట్టించాలంటే ఖర్చు. పెదజాలరిపేటకు వెళ్లి, వేటకు పనికిరాని నైలాను వల ఒకటి అడిగి తెచ్చాడు. సన్నకన్ను వల. బాల్కనీ గ్రిల్లుకు బిగించి కట్టాడు. ఎన్ని నీళ్లతో కడిగినా వారంరోజులు చేపల కంపు. పక్క ఫ్లాటువాళ్లు ముక్కు మూసుకున్నారు. నెత్తలి మాత్రం పొద్దున్నుంచి రాత్రిదాకా అక్కణ్నుంచి కదల్లేదు. అది పుట్టిన ఊరి వాసన కదా!

సముద్రం చూపిద్దామని...

ఆగస్టులో పిల్లలు ఒకటే గొడవ. అందరం సముద్రానికి వెళ్తున్నాం, నెత్తలికి మాత్రం ఎందుకు చూపించకూడదు?

చూపించారు. తలుపున్న ప్లాస్టిక్ బుట్ట ఒకటి కొని, వారంరోజులు హాల్లోనే తెరిచి ఉంచారు. అందులోనే తిండి పెట్టారు. నెత్తలి దాన్ని ఇల్లనుకుని పడుకోవడం మొదలుపెట్టాక, ఓ తెల్లవారుజామున లాసన్స్ బే ఒడ్డుకు తీసుకెళ్లారు. జనం లేరు. జాలరిపేట పడవలు అప్పుడే కెరటాలు దాటి వెళ్తున్నాయి. ఎర్రగా పొద్దు పొడుస్తోంది. ఫొటోకు ఇంతకన్నా ఏం కావాలి!

బుట్టలో నెత్తలి నేలకు అతుక్కుపోయింది. చెవులు వెనక్కి వాలిపోయాయి. కళ్లు నల్లగా, గుండ్రంగా. ఒక్కో కెరటం విరిగినప్పుడల్లా ఒళ్లు ఝల్లుమంటోంది. ఇంతలో బీచ్ కుక్కలు రెండు వాసన పట్టి దగ్గరికొచ్చాయి. నోరు తెరిచి రొప్పడం మొదలుపెట్టింది. కుక్క రొప్పితే అలవాటు, పిల్లి రొప్పితే ప్రమాదం. నాన్న బుట్టను తువ్వాలుతో కప్పేసి వెనక్కి తిరిగాడు. మొత్తం ఎనిమిది నిమిషాలు! ఫొటో లేదు. ఇంటికొచ్చాక స్టోర్‌రూమ్‌లోకి వెళ్లి, ఎప్పుడో మరిచిపోయిన బియ్యం బస్తా వెనక సాయంత్రం దాకా కూర్చుంది.

‘‘మీకు ఇష్టమైందల్లా దానికీ ఇష్టం కావాలేటి?’’ అంది నానమ్మ మనవలతో. ఆ పూట గిన్నె బస్తా పక్కనే పెట్టి రెండుసార్లు కాదు, చాలాసార్లు మోగించింది.

ఆ తరవాత మళ్లీ ఎవరూ ఆ ఊసెత్తలేదు. సముద్రాన్నే కొంచెం కొంచెంగా ఇంటికి తెచ్చారు. మంగమారిపేట దగ్గర రాతి తోరణం చూసొచ్చిన రోజున ఖాళీ గవ్వ ఒకటి. దాన్ని నెత్తలి నెలరోజులు సోఫా కిందికి తోస్తూ ఆడింది. తొట్లకొండ నుంచి గాలికి ఎగిరొచ్చిన ఈక. 1976లో నౌకాదళం విమానంలోంచి సర్వే చేస్తుండగా బయటపడిన బౌద్ధ క్షేత్రమది. నీళ్లు నిలవ చేసుకోవడానికి రెండు వేల ఏళ్ల కిందట భిక్షువులు రాతిలో తొలిచిన తొట్ల వల్లే కొండకు ఆ పేరు. ఆ తొట్ల పక్కన నిలబడి చూస్తే కింద సముద్రం నీలంగా, చప్పుడు లేకుండా కనిపిస్తుంది. ‘‘ఇక్కడైతే నెత్తలికి భయం వెయ్యదేమో, కెరటాల చప్పుడు లేదు’’ అంది అక్క. ఎవరూ జవాబు చెప్పలేదు.

సెప్టెంబరులో ఎర్రమట్టి దిబ్బలు. సముద్రం పక్కనే రక్తవర్ణంలో మెలికలు తిరిగే గుట్టలు, వాన నీళ్లు కోసిన లోయలు, మధ్యలో జీడిమామిడి చెట్లు. వేల ఏళ్లుగా గాలీ నీరూ సముద్రమూ కలిసి పేర్చిన ఇసుక. ఇలాంటి ఎర్ర ఇసుక తిన్నెలు తమిళనాడు తీరంలోనూ, శ్రీలంకలోనూ తప్ప ఈ చుట్టుపక్కల పెద్దగా కనిపించవు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ ఎక్కాయి. అంత విలువైన చోట పిల్లలు జారుడుబండలా జారడం తప్పని అమ్మ చెప్పేలోపే తమ్ముడి నిక్కరు ఎర్రబడిపోయింది. ఆ రోజు ఇల్లు చేరేసరికి ఎనిమిది. అయిదు గంటలు ఒంటరిగా ఉన్నా నెత్తలి అరవలేదు, పరదా చింపలేదు. చెప్పుల తనిఖీలో మాత్రం చాలాసేపు తీసుకుంది. తెల్లారి చూస్తే తెల్ల టైల్స్ మీద, స్టోర్‌రూమ్ నుంచి నానమ్మ మంచం దాకా, చిన్న చిన్న ఎర్రటి పాదాల గుర్తులు! రాత్రి అది ఎక్కడ పడుకుందో అందరికీ తెలిసిపోయింది.

‘‘కాళ్ల దగ్గర చలేస్తోందని ఊరుకున్నాను’’ అంది నానమ్మ. సెప్టెంబరులో విశాఖలో చలి!

ఆ రాత్రి

దసరా సెలవుల్లో నెత్తలికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారు. అయిదారు నెలల వయసులో చేయిస్తే మేలు. పిల్లలు ఇంట్లోనే ఉన్నారు కాబట్టి కుట్లు నాక్కోకుండా కాపలా కాశారు. కుట్లు మానాయి. బొచ్చు మళ్లీ వచ్చింది. అంతా సర్దుకుందనుకున్నాక దీపావళి వచ్చింది.

సాయంత్రం ఆరింటికి నానమ్మ గుమ్మం బయట ప్రమిదలు పెడుతోంది. తలుపు తెరిచే ఉంది. ఒక్క నిమిషం. కింద ఎవరో లక్ష్మీబాంబు పేల్చారు. ఆమె కాళ్ల మధ్యనుంచి ఏదో దూసుకుపోయినట్టయింది. అంతే.

మెట్లన్నీ చూశారు. డాబా చూశారు. వీధంతా చూశారు. తమ్ముడు ఏడుస్తూ పేరు పెట్టి పిలుస్తున్నాడు. బాంబుల మోతలో ఆ పిలుపు వాడికే వినబడటం లేదు. కాకరపువ్వొత్తుల పెట్టె విప్పనైనా విప్పలేదు. తెలిసినవాళ్లు ఫోనులో చెప్పారు: భయపడ్డ పిల్లి దూరం పోదు, దగ్గర్లోనే ఇరుకు సందులో దాక్కుంటుంది, అరిచి పిలిస్తే ఇంకా లోపలికి పోతుంది, ఊరు సద్దుమణిగేదాకా ఆగండి. ఆగడం ఎంత కష్టమో ఆగినవాళ్లకే తెలుస్తుంది.

నానమ్మ అన్నం ముట్టలేదు. ‘‘తలుపు తీసింది నేనే కదా’’ అని ఒక్క మాటే అంది. పదకొండింటికి పిల్లలు అలిసిపోయి నిద్రపోయారు. పన్నెండు దాటింది. ఒంటిగంటకు కూడా దూరంగా ఔట్లు పేలుతూనే ఉన్నాయి. రెండున్నరకు పెద్దావిడ లేచింది. మోకాళ్ల నొప్పులతో మూడంతస్తులూ దిగి సెల్లారులో ఆఖరి మెట్టు మీద కూర్చుంది. పక్కన గిన్నె. చేతిలో గరిటె.

టంగ్. టంగ్.

కాసేపు ఆగి, మళ్లీ. గాలిలో మందు వాసన. వాచ్‌మన్ వచ్చి చూసి, ఏమీ అడక్కుండా వెళ్లిపోయాడు. మూడున్నర ప్రాంతంలో నీళ్ల మోటారు గది వెనకాల, గోడకూ పైపులకూ మధ్య జానెడు సందులోంచి సన్నగా ఓ కూత వినబడింది. ఒళ్లంతా గ్రీజుతో, బూజుతో వచ్చి గిన్నె దాటి నేరుగా ఆమె ఒళ్లోకి ఎక్కింది. ఇన్ని నెలల్లో నానమ్మ దాన్ని చేతుల్లోకి తీసుకోవడం అదే మొదలు. నాన్న కిందికి వచ్చేసరికి పండగ చీర మీద గ్రీజు మరకలు. ‘‘ఒగ్గీరా, ఉతుక్కుంటాను’’ అంది.

నాలుగు రోజుల తరవాత నాగుల చవితి. ఆ రోజూ బాణసంచా ఉంటుందిగా! మధ్యాహ్నం నుంచే నెత్తలి స్టోర్‌రూమ్‌లో. కిటికీ మూసి, రేడియో పెట్టి, తలుపు బయట కుర్చీ వేసుకుని నానమ్మ.

కార్తీకం దానికి లేదు!

కార్తీకమాసంలో ఆ ఇంట్లో నీచు వండరు. మరి నెత్తలికో? అమ్మ భయంభయంగానే అడిగింది, ‘‘అత్తయ్యగారూ, ఈ నెలంతా దానికి దుకాణం మేతే పెట్టేద్దామా?’’ అని. ‘‘దానికి కార్తీకం ఏటమ్మా! బాల్కనీలో వేరే పొయ్యి పెట్టు, వేరే గిన్నె పెట్టు. చేప ఉడకబెట్టు’’ అని తీర్పు చెప్పేసింది పెద్దావిడ.

మూడో ఆదివారం వనభోజనాలు. బంధువులంతా కలిసి భీమిలి దగ్గర తోటకు. పొద్దున్న ఏడింటికి వెళ్తే రాత్రికే రావడం. నెత్తలి ఒక్కర్తీ పన్నెండు గంటలు! ‘‘నేనుండిపోతాను. నాకా ఎండ పడదు’’ అంది నానమ్మ. ఏడాదిలో ఒక్క వనభోజనమూ మానని మనిషి! అక్క ఒప్పుకోలేదు. ట్రేలో కొత్త ఇసుక, రెండుచోట్ల నీళ్లు, పొద్దున్నకో గిన్నె, సాయంత్రానికో గిన్నె, బాల్కనీ తలుపు గడియ. మధ్యాహ్నం ఓసారి వచ్చి చూడమని పక్క ఫ్లాటు ఆంటీకి తాళం చెవి ఇచ్చింది. వల కంపుకు ముక్కు మూసుకున్న ఆంటీయే! ‘‘రోజులో ఎక్కువసేపు అది నిద్రేగా నానమ్మా, పద’’ అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది.

తోటలో ఉసిరిచెట్టు కింద విస్తళ్లు వేశారు. పులిహోర, గుమ్మడికాయ పులుసు, గారెలు. అయ్యాక ఊరు చూద్దామని బయల్దేరారు. 1861లోనే మునిసిపాలిటీ అయిన పాత పట్టణం భీమునిపట్నం. గోస్తనీ నది వచ్చి సముద్రంలో కలిసేది ఇక్కడే. ఒకప్పుడు డచ్చివాళ్ల రేవు. వాళ్ల శ్మశానంలో నాచు పట్టిన ఎత్తయిన సమాధులు, రాళ్ల మీద చెక్కిన పరాయి అక్షరాలు. ఎక్కడో పుట్టి ఈ ఒడ్డున మట్టయిపోయినవాళ్లు. పిల్లలు అక్షరాలు కూడబలుక్కుంటుంటే ‘‘టైమెంతయింది?’’ అంది నానమ్మ. లైట్‌హౌస్ దగ్గర మళ్లీ అడిగింది. నదీ సంగమం దగ్గర ఆంటీకి ఫోను చేయించింది. ‘నిద్రపోతోంది’ అని జవాబు. ‘‘కడుపు కదుల్తోందా, అడుగు’’ అని ఇంకోసారి చేయించింది.

ఒడ్డున ఇసుక మీద చేపలు ఎండబెట్టి ఉన్నాయి. వెండి ముక్కల్లా నెత్తళ్లు. నానమ్మ వాటి ముందు కూర్చుంది.

‘‘ఉప్పేసినవేనేటి?’’

‘‘లేదమ్మా, ఉత్త ఎండలో ఎండినవే. కార్తీకంలో చేపలు కొంటన్నావ్, ఎవరికమ్మా?’’

‘‘మా ఇంట్లో ఒకర్తుందిలే’’ అని ఓ గుప్పెడు పొట్లం కట్టించుకుని, చేతిసంచీలో విభూతి పొట్లానికి దూరంగా అడుగున పెట్టుకుంది.

తిరుగు ప్రయాణంలో ఎర్రమట్టి దిబ్బలు, తొట్లకొండ, రుషికొండ ఒక్కొక్కటే కిటికీల్లో చీకటిగా వెనక్కి వెళ్లాయి. తెన్నేటి పార్కు దాటాక నగరం దీపాలు. తాళం తీసేసరికి ఏడున్నర. లైటు వేయకముందే గుమ్మంలో రెండు ఆకుపచ్చ కళ్లు.

అయిదు జతల చెప్పులు వరసగా విడిచారు. నెత్తలి ఇవాళ ఏ చెప్పు దగ్గరా ఆగలేదు. నేరుగా నానమ్మ దగ్గరికి వెళ్లింది. పాదాలు వాసన చూసింది. డచ్చి సమాధుల దుమ్ము, గోస్తనీ బురద, నెత్తళ్ల ఇసుక. నోరు సగం తెరిచింది.

‘‘ఒగ్గవే, దీపం వేళ దాటిపోతోంది’’ అంది నానమ్మ. ఒక చెప్పు విడిచి, ఇంకోటి విడవకుండా, గోడ పట్టుకుని అలాగే నిలబడింది.